నాలుగున్నర గంటల సింగపూరు

బెంగుళూరు నుంచి సింగపూరుకు విమానంలో నాలుగున్నర గంటలు. దూరం మూడు వేల రెండు వందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. టికెట్లు తీసిన ఏజెంటు ఈ మాట చెప్పినప్పుడు నేను నవ్వాను. నాలుగున్నర గంటలు మగ్గం మీద కూర్చుంటే, అంచూ బుటా ఉన్న చీర మూరెడు నేయొచ్చు. మూరెడు నేసే లోపల సముద్రం దాటి పోవచ్చని తెలిసిన రోజునుంచి సింగపూరంటే నాకు భయం పోయింది. భయంతో పాటు జాగ్రత్త కూడా పోయిందని తర్వాత తెలిసింది. మా ధర్మవరం నుంచి ఇంకెవరైనా ఆ దారిన పోవాల్సి వస్తే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పోవాల్సిన పని పెళ్లి. నా చెల్లెలు సరోజ పదిహేనేళ్ల కింద మొగుడితో సింగపూరుకు పోయింది. మా బావ ఆడ ఓడలు బాగు చేసే చోట పని చేస్తాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, ఇక్కడ ఉండగానే పుట్టిన చందన. ఆ పిల్ల పెళ్లి. మా నేతగాళ్ల ఇళ్లలో పెళ్లికూతురు ముహూర్తానికి కట్టుకునే చీర మేనమామ తన మగ్గం మీద నేసి తేవాలి. ఆ చీర కట్టించి, పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకుపోయేది కూడా ఆయనే. నేను పోకపోతే చీరా లేదు, గంపా లేదు. "మామా, నువ్వు రాకుంటే నేను గదిలోంచి బయటికి రాను" అని చందన ఫోనులో చెప్పింది. తమాషాకు అందేమో గానీ నాకు మాత్రం అది గుండెలో పడింది.

రెండు రోజులు ముందుగా రమ్మని సరోజ చెప్పింది. మేము పోయింది పెళ్లి రోజునే. దానికి కారణం రెండు. మొదటిది గాలి. ఫాల్గుణం వచ్చేసరికి మా సీమలో గాలి పొడిబారిపోతుంది. గాలిలో తడి లేకపోతే పట్టుపోగు పటుక్కున తెగుతుంది. కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలో నీళ్లు చల్లుకుంటూ, తెగిన పోగు అతుక్కుంటూ నేస్తే పని సగానికి సగం పడిపోతుంది. రెండోది అమావాస్య. అమావాస్య నాడు మేము మగ్గం గుంటలో కాలు పెట్టం. మగ్గానికి దీపం పెట్టి దండం పెట్టుకుంటాం, అంతే. కొంగు నేసే పని మిగిలి ఉండగా అమావాస్య వచ్చింది.

"ఒక్క పూట కూచుంటే ఏమయితాదయ్యా? మేనగోడలి పెండ్లి అంటే మగ్గం మాత్రం కాదంటాదా?" అంది నా భార్య రత్నమ్మ.

"మా నాయన కూచోలేదు. నేను కూచోను" అన్నాను. "నాలుగున్నర గంటల దావకు ఇంత గోలేంది?"

ఆ నాలుగున్నర గంటల లెక్కతోనే ఏజెంటుకు ఫోను చేసి టికెట్లు మార్పించాను. పెళ్లి రోజు తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి బెంగుళూరులో విమానం. అంటే తొమ్మిది లోపల సింగపూరు. ముహూర్తం పన్నెండున్నరకు. మా పంతులు పెట్టిన అభిజిత్ లగ్నం అది. చేతిలో మూడున్నర గంటలు ఉంటాయనుకున్నాను. టికెట్టు మీద చేరే సమయం పదకొండూ ఇరవై అని ఉంది. అది చూసి నేనేమీ కంగారు పడలేదు. మా గుంతకల్లు లైనులో బండి ఆఖరి స్టేషనుకు రాకముందు టైంటేబుల్లో కొంత సమయం అదనంగా వేసి పెడతారు. ఆలస్యం కాలేదనిపించుకోడానికి. విమానాల వాళ్లు కూడా అట్లాగే వేసుకుని ఉంటారనుకున్నాను.

పెళ్లికి ముందు రోజు పొద్దున పదింటికి చీర మగ్గం మీదనుంచి కోశాను. చిలకపచ్చ ఒళ్లు, కుంకుమరంగు అంచు, కొంగులో మామిడి పిందెలు. నాలుగు మూలలా పసుపు పెట్టి మడతపెట్టాం. మేనమామ చీర ఒకసారి మడిచాక పెళ్లికూతురి ముందే విప్పాలి. తెల్ల పంచెలో మూటకట్టి రత్నమ్మ ఒళ్లో పెట్టుకుంది.

మధ్యాహ్నం మూడింటి బండికి ధర్మవరంలో ఎక్కాం. జనరల్ పెట్టెలోనే కిటికీ పక్కన చోటు దొరికింది. పెనుకొండ దాటేదాకా రెండు పక్కలా ఎర్రనేల, రాళ్ల గుట్టలు, చెనిక్కాయ పీకేసిన చేన్లు. ఎదురుగా తనకల్లు వైపు రైతు ఒకాయన కూర్చున్నాడు. కూతురి దగ్గరికి దొడ్డబళ్లాపురం పోతున్నాడట. మా మూట చూసి, యాడికని అడిగాడు.

"సింగపూరన్నా. నాలుగున్నర గంటలే" అన్నాను.

"అట్లనా! మా ఊరినుంచి కదిరికొచ్చి, ఆడ బస్సు దొరికి, ధర్మవరం వచ్చేకి నాకు అంతే పట్టిందప్పా" అన్నాడు ఆయన. "అయితే నా కూతురికన్నా మీ చెల్లెలే దగ్గర ఉండాది."

హిందూపురంలో టీ తాగాం. ఆరున్నరకు యలహంకలో దిగాం. విమానాశ్రయానికి పోయేవాళ్లు బెంగుళూరు లోపలికి పోకుండా ఇక్కడ దిగితే దగ్గర. బయట బస్సు దొరుకుతుంది. ఎనిమిదికల్లా విమానాశ్రయంలో ఉన్నాం. ఇంటినుంచి తెచ్చుకున్న బొరుగుల ఒగ్గాణి, జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి అక్కడే బెంచీ మీద కూర్చుని తిన్నాం. అక్కడ అమ్మే కాఫీ ధర రాయను. రాస్తే మళ్లీ బాధ.

తనిఖీ దగ్గర మూట యంత్రంలోంచి పోయింది. జరీ కనపడి ఉంటుంది, ఒక ఆడ ఉద్యోగి మూట విప్పమంది. విప్పకూడదమ్మా అని తెలుగులో, వచ్చిన కన్నడంలో, చేతులతో చెప్పాను. ఆమె పసుపు మూలలు చూసింది. "మదువె సీరేనా?" అంది. పెళ్లి చీరేనని రత్నమ్మ తల ఊపింది. ఆమె పంచె ముడి మాత్రం సడలించి, మడత మీద అరచెయ్యి ఆనించి చూసి, "చెన్నాగిదె" అని నవ్వి మళ్లీ ముడి వేసింది. బాగుందన్న ఆ మాట ఈ ప్రయాణంలో మాకు దొరికిన మొదటి ఆశీర్వాదం.

విమానం చెప్పిన వేళకే లేచింది. మూట పైన అరలో పెట్టమన్నారు. రత్నమ్మ పెట్టనంది. లేచేటప్పుడూ దిగేటప్పుడూ తప్పదన్నారు గనక అప్పుడు పెట్టి, మధ్యలో మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. కిటికీ సీటులో మదనపల్లె అమ్మాయి, సింగపూరులో నర్సు. సెలవు అయిపోయి తిరిగి పోతోంది. కాసేపు నిద్రపోయి లేచేసరికి కింద మబ్బులు, వాటి మీద ఎండ. నా చేతి గడియారంలో ఏడున్నర.

"ఇంకా గంటన్నర లోపలే" అన్నాను. "తొమ్మిదికి దిగితే పన్నెండున్నరకు ముహూర్తం. మూడు గంటలు ఖాళీగా కూచోవల్ల."

ఆ అమ్మాయి నా గడియారం వైపు చూసింది. "అంకుల్, ఆడ ఇప్పుడు పది. మనకన్నా రెండున్నర గంటలు ముందుంటారు. మీరు దిగేకే పదకొండూ ఇరవై అయితాది."

"టికెట్టు మీద రాసింది నిజం టైమేనా?"

"నిజమే అంకుల్. అది ఆడి టైము."

వాళ్లకు పొద్దు ముందు పుడుతుందని నాకు తెలియక కాదు. సరోజ రాత్రి ఫోను చేసినప్పుడల్లా, మాకు పండుకునే పొద్దాయెనన్నా అంటూనే ఉంటుంది. ఆ మాట పదిహేనేళ్లుగా విన్నాను. లెక్కలోకి మాత్రం తెచ్చుకోలేదు. రత్నమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మూట మీద రెండు చేతులూ వేసుకుని ముందు సీటు వైపు చూస్తూ ఉండిపోయింది. అమావాస్య నాడు ఒక్క పూట మగ్గం ఎక్కి ఉంటే నిన్ననే సరోజ ఇంట్లో భోంచేస్తూ ఉండేవాళ్లమని ఇద్దరికీ తెలుసు.

పదకొండూ ఇరవైకి దిగాం. ఈసారి ఆ అంకె చూస్తే ఒళ్లు మండింది. మదనపల్లె అమ్మాయి అక్కడ ఉండేవాళ్ల వరుసలోకి పోవాలి. "భయపడొద్దండి, వరస తొందరగానే కదుల్తాది" అని చెప్పి పోయింది. మేము విజిటర్ల వరుసలో నిలబడ్డాం. నా ఫోనుకు అక్కడ సిగ్నలు లేదు. పోయేవాళ్లు దాని సంగతి బెంగుళూరులోనే చూసుకోండి. వరుస నిజానికి తొందరగానే కదిలింది. నాకే కదిలినట్టు అనిపించలేదు. పెట్టె తీసుకుని బయటికి వచ్చేసరికి గోడ గడియారం పన్నెండూ పదిహేను.

టాక్సీ నడిపేది తమిళం మాట్లాడే పెద్దాయన. చిరునామా చూపించాను. కల్యాణమా అని అడిగాడు. అవునని, ముహూర్తం పన్నెండున్నరకని వేళ్లతో చూపించాను. తన ఫోను ఇచ్చాడు. సరోజ నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మేళాల మధ్య ఎక్కడ వినపడుతుంది? పెద్దాయన భయపడొద్దన్నట్టు చెయ్యి ఊపి బండి తీశాడు. దారి పొడుగునా చెట్లు. రోడ్డు మీద దుమ్మన్నదే లేదు. చూడాలని మనసు లేకపోయినా కళ్లు చూస్తూనే ఉన్నాయి. పన్నెండున్నర దారిలోనే దాటింది. అప్పుడు రత్నమ్మ ఏడ్చింది.

"ఆ పిల్ల వేరే చీర కట్టుకుని పీట మీద కూచుని ఉంటాది" అంది. "కూచోనీ. దానిది తప్పులేదు. ఈ చీర నువ్వే కట్టుకో."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నాకూ ఏడుపే వచ్చింది.

గుడి పక్కనే కల్యాణ మండపం. టాక్సీ దిగేసరికి పన్నెండూ నలభై. నేను మూట చేతిలో పట్టుకుని, చెప్పులు ఎక్కడ వదిలానో కూడా చూడకుండా గుడి ఆవరణలోకి పరిగెత్తాను. లోపలినుంచి నాదస్వరం వినపడుతోంది. గచ్చు మీద ఎండ మండుతోంది. ఎదురుగా పట్టుపంచె కట్టిన పురోహితుడు, కుర్రవాడే, కలశంలో నీళ్లు పట్టుకుని వస్తున్నాడు. నన్ను, మూటను చూసి ఆగాడు.

"మేనమామగారా మీరు?"

"అయిపోయిందా స్వామీ?" అన్నాను.

"ఏమీ అవలేదండీ. కంగారు పడకండి. ఒక్కసారి మీ నీడ చూసుకోండి."

గుంటూరు వైపు మాట. ఏమంటున్నాడో అర్థం కాక కిందికి చూశాను. నా నీడ జానెడు పొడుగున పడమర వైపుకు వాలి ఉంది.

"మీ పంతులుగారు చెప్పింది అభిజిత్ లగ్నం కదండీ. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ. మీ ఊళ్లో అది పన్నెండున్నర. ఇక్కడ గడియారం ఎండకన్నా ముందు పరిగెడుతుంది. నడినెత్తికి రావడానికి ఒంటిగంటా పావవుతుంది. పొద్దున నేను రాగానే మీ చెల్లెలుగారికి చెప్పాను. మీకు ఫోను చేస్తే దొరకలేదట."

నేను అక్కడే గచ్చు మీద కూలబడ్డాను. చిన్నప్పుడు మా అవ్వతో చేనికి పోయినప్పుడు సద్ది విప్పేది నీడ కాళ్ల కిందికి వచ్చినాకే. గడియారం మా ఊళ్లో ఎవరి చేతికీ లేదు. అట్లాంటి చోట పుట్టినవాణ్ని, ముందు రోజు మధ్యాహ్నం నుంచి చేతి గడియారం, రైలు గడియారం, గోడ గడియారం చూసుకుంటూ వచ్చానే గానీ, విమానం దిగాక ఇంత ఎండలో నడిచి కూడా ఒక్కసారి నేల వైపు చూడలేదు. గచ్చు కాలుతున్న సంగతి కాసేపటికి గానీ తెలియలేదు. రత్నమ్మ వచ్చి నా భుజం పట్టి లేపింది.

"లెయ్. నీడ మళ్లా తిరిగిపోతాది" అంది.

గదిలో చందన పసుపు నూలు చీరతో కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చినావా మామా" అంది. అంతే, మామూలుగా, వీధి చివరి నుంచి వచ్చినట్టు. సరోజ మాత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పదిహేనేళ్లలో తల నెరిసింది. ఫోనులో కనపడే మనిషికన్నా పొట్టిగా ఉంది.

మూట విప్పాం. మడతలు తీసి పరిచేసరికి గదిలో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరారు. సరోజ కొంగు దగ్గర కూర్చుని వేళ్లతో తడుముతూ పోయింది. తన పెళ్లికి ముందు ఏడేళ్లు నా పక్కన కూర్చుని బుటా పోగులు ఎత్తిన చెయ్యి అది. ఒక చోట వేలు ఆగింది.

"ఈడ తెగింది కదన్నా?"

"ఆడ తెగింది. ఇంకా రెండు చోట్ల తెగింది."

"పొడిగాలి ఎక్కువుండాదా ఊర్లో?"

"ఉండాది."

"ఇంకా నీళ్లు చల్లుతాండావా గుంటలో?"

"చల్లుతాండా."

అప్పుడు ఏడ్చింది సరోజ. చుట్టూ ఉన్నవాళ్లకు ఎందుకో తెలియక నీళ్లు తెచ్చిచ్చారు.

గంపకు వెదురు బుట్ట దొరకలేదట. ఉతికే బట్టలు వేసుకునే నీలం ప్లాస్టిక్ బుట్ట తెచ్చి, దానికి పసుపు గుడ్డ చుట్టి పెట్టారు. పిల్ల అందులో పట్టదేమోనని ఒకరు, విరుగుతుందేమోనని ఒకరు. చందన కూర్చుంది. నేనొక పక్క, మా బావ ఒక పక్క పట్టుకుని లేపాం. మగ్గం గుంటలో ముప్పై ఏళ్లు వంగిన నడుం నాది. గదినుంచి మండపం ఎంతో దూరం లేదు. నడుం పట్టేసింది, బుట్ట కిరకిరమంది, చందన నవ్వుతూనే ఉంది. "దించొద్దు మామా, దించొద్దు" అంటూ నా మెడ పట్టుకుంది. దించలేదు. పీట దగ్గరికి వచ్చాక ఆవరణ వైపు చూశాను. ధ్వజస్తంభం నీడ దాని పీఠం మీదికి వచ్చేసింది. మేళగాళ్లు గట్టిగా అందుకున్నారు.

తర్వాత మూడు రోజులు సరోజ ఇంట్లో ఉన్నాం. పన్నెండో అంతస్తు. చూడాల్సినవన్నీ చూపించారు. సముద్రం, ఓడలు, పూలతోటలు. వాటిని గురించి నాకన్నా బాగా రాసినవాళ్లు ఉన్నారు. నాకు గుర్తున్నది గాలి. తడిగా, బరువుగా, ఆరేసిన పంచె సాయంత్రమైనా ఆరని గాలి. రత్నమ్మకు ఉక్కపోసింది. నాకు మాత్రం వరండాలో నిలబడినప్పుడల్లా పోగు గుర్తొచ్చేది. ఈ గాలిలో పట్టు ఎక్కడా తెగదు.

"ఈడే మగ్గం ఏస్తావా అన్నా?" అంది సరోజ, నా ముఖం చూసి.

"గుంట యాడ తవ్వేది? కింద ఇంటోళ్ల నెత్తి మీదనా?" అన్నాను. చిన్నప్పటి మాదిరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బయల్దేరేటప్పుడు సరోజ మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు. ఇన్నేళ్లూ అడిగి అడిగి మానేసిందని నాకు విమానం ఎక్కాక తోచింది.

తిరుగు విమానం పొద్దున తొమ్మిదికి. నాలుగున్నర గంటలు ఎగిరి బెంగుళూరులో దిగితే పదకొండే. "పోయేటప్పుడు పోయిన రెండున్నర గంటలూ తిరిగిచ్చినారు చూడు" అంది రత్నమ్మ. ఆకలి మాత్రం ఒంటిగంటన్నర ఆకలే. విమానాశ్రయం బయట ఇడ్లీ తిని, బస్సులో యలహంక వచ్చి సాయంత్రం బండి అందుకున్నాం.

గౌరిబిదనూరు దాటాక కిటికీలోంచి గాలి మారింది. పెదాలు ఎండడం మొదలైంది. హిందూపురంలో ఒక అవ్వ మల్లెమొగ్గల బుట్టతో ఎక్కి మా ఎదురుగా కింద కూర్చుంది. పెట్టె మీద విమానం వాళ్లు అంటించిన చీటీ చూసింది.

"యాడికి పోయొస్తాండారు నాయనా?"

"సింగపూరు అవ్వా. మా చెల్లెలు ఉండాది."

"శానా దూరమా?"

నాలుగున్నర గంటలని చెప్పబోయాను. నోరు తెరిచేలోపే రత్నమ్మ అందుకుంది.

"మేం పోయేకి పదహైదేండ్లు పట్టిందవ్వా."

అవ్వ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో, అంత దూరమా! అయితే మళ్లా పొయ్యేదేం లేదులే."

పెనుకొండ గుట్టల మీద పొద్దు వాలుతోంది. సరోజకు ఇప్పుడు పండుకునే పొద్దు. చందన చీర కోసిన పడుగులో ఇంకా రెండు చీరలకు సరిపడా నిలువు పోగులు మగ్గం మీద మిగిలి ఉన్నాయి.

"పోతామవ్వా" అన్నాను. "మగ్గం మీదుండే రెండు చీరలు నేసి కోస్తానే పోతాం."

రత్నమ్మ నా వైపు చూసి, అవ్వ దగ్గర రెండు మూరల పూలు కొనుక్కుంది.